కాన్ఫరెన్సు హాల్లో తాటిదోనె

ప్రభుత్వ ఆఫీసుల్లో గోడలు బోసిగా ఉండటం వల్లే పనులు ముందుకు సాగడం లేదని ఆ వేసవిలో పైవాళ్ళకి తట్టింది. తట్టిన వెంటనే ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఆఫీసూ తన పరిధిలో వృథాగా పడివున్న కర్రని వెతికి, దాన్ని కంటికింపైన వస్తువుగా మార్చి, లోపల అలంకరించుకోవాలి. కొన్న కర్ర పనికిరాదు. పనికొచ్చే కర్ర అసలే పనికిరాదు.

డివిజన్ ఆఫీసువాళ్ళు ఈ పనిని తమ కుర్చీలతోనే మొదలుపెట్టారు. ఊగే కుర్చీలన్నిటికీ కాళ్ళు ఊడదీసి, గుండ్రంగా పేర్చి గోడకి కొడితే సూర్యుడు తయారయ్యాడు. ఆ సూర్యుణ్ణి చూసి పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. దాంతో ఊగని కుర్చీలు కూడా ఊగడం మొదలెట్టాయి. స్టూళ్ళు పువ్వులయ్యాయి, బీరువా తలుపులు నెమళ్ళయ్యాయి, బల్లల సొరుగులు పిట్టగూళ్ళయ్యాయి. నెల తిరిగేసరికి ఆఫీసు చూడముచ్చటగా ఉంది. గుమాస్తాలు నిలబడి పనిచేసుకుంటున్నారు. ఇక మిగిలింది కాన్ఫరెన్సు హాలు. రాష్ట్రస్థాయి పరిశీలక బృందం వచ్చి కూర్చునేది అక్కడే. అక్కడికి కుర్చీకాళ్ళు ఆనవు. ఏదో పెద్దది కావాలి.

ఇదంతా చినగరువు నాంచారమ్మకి తరవాత తెలిసింది. ముందు తెలిసింది తన దోనె కనపడటం లేదని.

చినగరువు కొల్లేటి నడుమ ఒక మిట్ట మీద ఉన్న ఊరు. వేసవిలో నీళ్ళు తగ్గి గట్టుదాకా దారి తేలుతుంది. తొలకరి పడి ఏరులు దిగాయంటే ఆ దారి మళ్ళీ చలికాలం దాటేదాకా మనిషికి కనపడదు. ఊరంతటికీ గేదెలే ఆధారం. వానాకాలంలో ఊరి పాలన్నీ క్యానుల్లో పోసి, దోనెలో పెట్టుకుని, గెడ వేసుకుంటూ నాంచారమ్మే గట్టుమీది పాలకేంద్రానికి చేరుస్తుంది. ఒకప్పుడు ఇంటింటికీ దోనె ఉండేది. లావుపాటి ముదురు తాడిచెట్లూ పోయి, వాటిని తొలిచి దోనె చేసేవాళ్ళూ పోయాక, ఊరికి ఆమెదొక్కటే మిగిలింది.

వేసవిలో దోనెకి పనుండదు. పనిలేని తాటిదోనెని ఎండలో వదిలేస్తే నెర్రెలిస్తుంది. అందుకని ఆ చుట్టుపక్కల అందరూ చేసినట్టే నాంచారమ్మ కూడా దాన్నిండా రాళ్ళు పేర్చి, నీళ్ళు నింపి, ఊరి మొదట్లో మడుగులో ముంచి పెట్టింది. తొలకరి ముందు రాళ్ళు తీసి నీళ్ళు తోడితే అదే తేలుతుంది.

అత్త కోటమ్మకి కంటి ఆపరేషను చేయించి తీసుకొస్తూ మడుగు దగ్గర ఆగి చూస్తే, కట్టుగుంజ ఉంది. తాడు ముక్క ఉంది. తీసి పారేసిన రాళ్ళు గట్టున ఉన్నాయి.

"నాకు ఆపరేషను చేసింది ఒక్క కంటికే కదే," అంది కోటమ్మ, ఆకుపచ్చ గుడ్డ కట్టిన కన్ను తడుముకుంటూ. "ఆ రెండో దానిక్కూడా దోనె కనపట్టంలేదేంటే?"

మడుగు పక్కన ఏసోబు తాత కూర్చుని ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆయన భుజాల మీద జరీ శాలువా ఉంది.

"జీపులో వచ్చారమ్మా," అన్నాడు ఏసోబు. "ఈ దుంగ నీళ్ళలో కుళ్ళిపోతుంది, ఎవరికీ అక్కర్లేదా అనడిగారు. దుంగ కాదు బాబూ, దోనె అన్నాను. దోనైతే నీళ్ళ మీదుండాలి గదా అన్నారు. నేను జవాబు వెతుక్కునే లోపలే ఈ శాలువా కప్పి ఫోటో తీసేశారు. నేను దాతనంట."

"నీదేంటి తాతా దానం చెయ్యడానికి?"

"అదే అందామనుకున్నా. అప్పటికే చప్పట్లు కొట్టేశారు."

"శాలువా అన్నా మంచిదిచ్చారా?" అని కోటమ్మ దాని అంచు పట్టుకుని చూసింది. "ఊరి దోనె తీసుకుని ఈ గుడ్డ కప్పారా? దీంట్లో పాలు పోసుకుని పొమ్మను."

మర్నాడు నాంచారమ్మ చూరులో దోపి ఉన్న గెడ తీసుకుని డివిజన్ ఆఫీసుకి వెళ్ళింది. దోనె తనదే అనడానికి ఇంకేం చూపించాలో ఆమెకి తోచలేదు. ఆ గెడ పట్టుకునే చోట, ఏళ్ళ తరబడి ఆమె చేతులు పడి పడి నున్నగా అరిగి ఉంది.

గేటు దగ్గర కాపలా మనిషి గెడని పైనుంచి కిందికి చూశాడు.

"ఇవ్వడానికి తెచ్చావా?"

"లేదండీ. నాదండీ ఇది."

"అయితే చేత్తో గట్టిగా పట్టుకో. వదిలావంటే వృథాగా పడివున్నదని లోపలికి తీసుకుపోతారు. నిన్న నా లాఠీ అట్టాగే పోయింది. అదిగో, కొంగకి ముక్కయింది."

సూపరింటెండెంటు కామేశం నిలబడి సంతకాలు పెడుతున్నాడు. విషయం విని ఆయన నొచ్చుకోలేదు, కోప్పడలేదు. ఆమెని కాన్ఫరెన్సు హాలుకి తీసుకెళ్ళి చూపించాడు.

దోనె హాలు మధ్య రెండు ఇనప స్టాండ్ల మీద పడుకుని ఉంది. బురదంతా కడిగి, గరుకు కాయితంతో రుద్ది, మెరుగునూనె పూశారు. లోపల చిన్న చిన్న దీపాలు పెట్టారు. పాల క్యానులు ఆనుకునే చోట నీలం రంగు దీపం వెలుగుతోంది. పక్కనే ఇత్తడి బోర్డు నిలబెట్టారు. నాంచారమ్మ ఊరి బళ్ళో చదివిన చదువుతో దాన్ని నిదానంగా చదువుకుంది. "శూన్యం. వ్యర్థ దారువు. ముట్టరాదు."

హాలంతా చల్లగా ఉంది. ఏసీ గాలి తిన్నగా దోనె మీదికే కొడుతోంది.

డివిజనల్ అధికారి సర్వోత్తమరావుగారు అక్కడే ఉన్నారు. ఆయన పక్కన పట్నం నుంచి రప్పించిన అలంకరణ సలహాదారు తేజస్ అనే కుర్రాయన ఉన్నాడు. నాంచారమ్మ చెప్పిందంతా సర్వోత్తమరావుగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"చూడమ్మా," అన్నారు. "తేలియాడుట దోనె యొక్క మౌలిక లక్షణం. సదరు దారుఖండం జలగర్భంలో లభ్యమైనది. కనుక అది దోనె అనే హోదాను లోగడనే కోల్పోయినది."

"మేమే ముంచామండి. ఎండకి పగలకుండా."

"నా కారు పాడవకుండా ఉండాలని భూమిలో పాతిపెట్టానని రేపు నేనంటే నువ్వు నమ్ముతావా?"

"కారు సంగతి నాకు తెలవదండి. దోనెనైతే అందరం ముంచుతామండి."

"తేలితే దోనె. మునిగితే వ్యర్థం. ఇది ఈ కార్యాలయపు నిర్ణయం," అన్నారాయన. కామేశం ఆ మాట రెండుసార్లు పైకి అనుకున్నాడు, బాగా కుదిరిందని.

తేజస్ మాత్రం మర్యాదగానే మాట్లాడాడు. "మీరు దీన్ని పడవ అనుకునే చూశారండీ ఇన్నాళ్ళూ. నేను చూసింది దీని లోపలి ఖాళీని. ఎంత గొప్ప ఖాళీ అండీ ఇది!"

"ఆ ఖాళీలో ఊరి పాలు పడతాయి బాబూ," అంది నాంచారమ్మ. "తొలకరి వచ్చిందంటే మాకు దారుండదు. పాలు ఇళ్ళల్లోనే విరిగిపోతాయి. ఈలోపల ఇప్పించండి."

ఇవ్వడానికి ఒక మార్గం ఉందని కామేశం చెప్పాడు. అలంకరణలో చేరిన వస్తువుని బయటికి పంపాలంటే అది పాడైపోయిందని తేల్చాలి.

"పాడైతే ఇస్తారాండి?"

"పాడైన కర్రంటే వృథా కర్రేగా. వృథా కర్ర దొరికితే అలంకరణలో పెట్టాలని ఉత్తర్వు ఉంది."

నాంచారమ్మ కాసేపు ఆ మాట వెనక నడిచి చూసింది. నడిచి నడిచి మళ్ళీ హాల్లోనే తేలింది. ఇంక అడగలేదు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"ఆ చల్లగాలి దాని మీద కొట్టనీకండి బాబుగారూ. పొడి గాలికి పగులుద్ది. రోజూ కాసిని నీళ్ళన్నా కొట్టండి."

కళాఖండం మీద నీళ్ళు కొట్టమన్న మనిషిని అందరూ జాలిగా చూశారు.

ఇంటికొచ్చాక ఆమె రోజూ ఆకాశం చూడటం మొదలెట్టింది. ఊళ్ళోవాళ్ళు కూడా చూస్తున్నారు. ఏ వేసవిలోనూ వాన ఆలస్యంగా రావాలని కోరుకోని ఊరు ఆ ఏడు మబ్బు కనపడితే ముఖం ముడుచుకుంది. కోటమ్మ కంటికట్టు విప్పారు. ఆ కన్నుతో ఆవిడ మొట్టమొదట చూసింది నైరుతి మూల నల్లబడటమే.

"ఇంకో నాలుగు రోజులు కట్టు ఉంచుకోవాల్సిందే," అంది.

ఆ వారంలోనే జీపు వచ్చింది. కామేశం దిగి, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటిదాకా వచ్చాడు.

"శూన్యం పగిలింది," అన్నాడు.

సర్వోత్తమరావుగారు సమావేశంలో మాట్లాడుతుండగా టప్పుమని చప్పుడైందట. అందరూ చప్పట్లనుకున్నారట. ఆయన మాట్లాడినప్పుడల్లా టప్పు టప్పుమంటుంటే, లేచి చూస్తే, దోనె మొదట్లో వేలు పట్టేంత నెర్రె కనపడిందట. పరిశీలక బృందం బయల్దేరి వస్తోంది.

నాంచారమ్మ హాలుకెళ్ళి నెర్రె మీద చెయ్యి వేసి చూసింది. లోతుగా పోలేదు. ఊపిరి పీల్చుకుంది.

"నీళ్ళలో పెట్టాలండి. నానితే కలుసుకుంటాది."

"నీళ్ళలోకి పంపితే హాలు ఖాళీ అవుతుంది," అన్నారు సర్వోత్తమరావుగారు.

"అయితే నీళ్ళనే హాల్లోకి తెద్దాం సార్," అన్నాడు తేజస్.

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. ఆ సాయంత్రమే తాపీవాళ్ళు వచ్చి హాల్లో మోకాలెత్తున ఇటిక గోడ కట్టడం మొదలెట్టారు. ముందు మధ్యలో చిన్న తొట్టి చాలనుకున్నారు. చిన్న తొట్టిలో దోనె ఇరుకున పడి ఉంటే గంభీరంగా లేదని తేజస్ అన్నాడు. తొట్టిని పెంచుకుంటూ పోయారు. చివరికి తలుపు దగ్గర నిలబడేంత చోటూ, అవతలి గోడ వారన అధికారుల బల్ల వేసే అరుగూ వదిలి, మిగతా హాలంతా తొట్టి అయింది. కుళాయి నీళ్ళకి మెరుగు చెడుతుందని కొల్లేటి నీళ్ళే ట్యాంకర్లతో తెచ్చి పోశారు. వాటితో గుర్రపుడెక్క వచ్చింది. నత్తలొచ్చాయి. రెండు కప్పలు వచ్చాయి. తేజస్ వాటిని ఉండనిమ్మన్నాడు.

నాంచారమ్మ చీర ఎగదోపుకుని దిగి, ఇంటి దగ్గర చేసినట్టే దోనె నిండా రాళ్ళు పేర్చి నీళ్ళు నింపింది. దోనె బుడగలొదులుతూ కిందికి దిగిపోయింది. ఆమెకి ఆ ఆఫీసులో మొదటిసారి మనసు కుదుటపడింది.

ఇబ్బంది ఆ తరవాత మొదలైంది. అవతలి అరుగు మీద కూర్చున్న సర్వోత్తమరావుగారికి ఫైలు చూపించాలంటే గుమాస్తాలు ప్యాంట్లు మడుచుకుని నీళ్ళలో నడిచి వెళ్ళాలి. కామేశానికి కీళ్ళవాతం. రెండుసార్లు తడిసేసరికి మోకాళ్ళు పట్టేశాయి.

"ఇటునుంచి అటు దాటడానికి ఏదన్నా సాధనం ఉంటే బాగుణ్ణు," అన్నాడు తొట్టి గోడ మీద కూర్చుని పిక్కలు ఒత్తుకుంటూ.

"ఉందండీ," అంది నాంచారమ్మ, నీళ్ళకేసి చూస్తూ.

"ఛ ఛ, అది అలంకరణ. వాడకూడదు. ఫైబరు పడవ ఒకటి కావాలని పైకి రాశాం."

బృందం రావడానికి ముందురోజు సర్వోత్తమరావుగారు హాలంతా పరికించి చూశారు. హాలు నిండా బురదనీళ్ళున్నాయి. ఇత్తడి బోర్డు ఉంది. ఇంకేమీ లేదు.

"కళాఖండం ఏది?"

"లోపలుందండి," అంది నాంచారమ్మ. "నెర్రె కలుసుకుందండి. ఇంకొన్నాళ్ళు అట్టాగే ఉండనిస్తే మంచిది."

"పరిశీలకులు లోపలికి మునిగి చూస్తారా? అది స్పష్టంగా దృగ్గోచరం కావలెను. వెంటనే పైకి తెప్పించు."

"పైకి రావాలంటే రాళ్ళు తియ్యాలండి."

"తియ్యి."

"నీళ్ళు తోడాలండి."

"తోడు."

"పూర్తిగా తోడమంటారాండి?"

"పూర్తిగా తోడవమ్మా! చుక్క ఉండకూడదు!"

నాంచారమ్మ కామేశం ముఖంలోకి ఒకసారి చూసింది. ఆయన మోకాళ్ళ ధ్యాసలో ఉన్నాడు. ఆమె నీళ్ళలోకి దిగి రాళ్ళు తీసింది. బక్కెట్టు తీసుకుని నీళ్ళు తోడింది. చెప్పినట్టే, చుక్క లేకుండా తోడింది.

బృందానికి పెద్ద వైదేహీ మేడమ్. ఆవిడ రెండు జిల్లాల్లో కిటికీ రెక్కల హంసల్నీ, మంచం కోళ్ళ వినాయకుళ్ళనీ చూసి వచ్చారు. ఆవిణ్ణి ఇద్దరు గుమాస్తాలు కుర్చీతో సహా ఎత్తి అరుగు మీదికి చేర్చారు. ఆఫీసులో మిగిలిన కుర్చీల్లో కాళ్ళున్నది అదొక్కటే. ఇటు గుమ్మం దగ్గర, గోడకి జారేసిన గెడ పక్కన నాంచారమ్మ నిలబడింది. దోనెకి ఏమన్నా అయితే చూసుకోవడానికి ఆమెని ఉండమన్నారు. బయట అప్పుడే ఉరిమింది.

సర్వోత్తమరావుగారు ఉపన్యాసం మొదలుపెట్టారు. "మేడమ్, ఈ దారుశిల్పం జలంలో నిశ్చలంగా..."

ఏసీ గాలికి దోనె కదిలింది. గుర్రపుడెక్కని మెల్లిగా పక్కకి తోసుకుంటూ హాలు మధ్య నుంచి అరుగు వైపు బయల్దేరింది. అందరూ చూస్తున్నారు. దోనె తొందరపడకుండా వచ్చి, వైదేహీ మేడమ్ బల్ల కింద అరుగుకి డుబుక్కున తగిలి ఆగింది.

"ఇది తేలుతోంది," అన్నారు మేడమ్.

"తాత్కాలికంగా మేడమ్," అన్నాడు తేజస్.

"తేలుట కాదు మేడమ్," అన్నారు సర్వోత్తమరావుగారు. "మునుగుటకు పూర్వదశ."

మేడమ్ వంగి దోనె అంచుని గట్టిగా కిందికి నొక్కి వదిలారు. అది మళ్ళీ పైకి లేచి నిలకడగా నిలబడింది.

"దీన్ని వ్యర్థమని మీ కార్యాలయం ఏ ప్రాతిపదికన నిర్ధారించింది?"

సర్వోత్తమరావుగారు గొంతు సవరించుకున్నారు. కానీ జవాబు తెలిసిన ప్రశ్న ఎదురవడం కామేశానికి ఉద్యోగంలో అరుదు. ఆయన గుమ్మం దగ్గర్నుంచే చెయ్యెత్తి చెప్పేశాడు.

"తేలితే దోనె, మునిగితే వ్యర్థం మేడమ్! అది మా కార్యాలయపు నిర్ణయం!"

కప్ప ఒకటి బెకబెకమంది.

"అంటే పనికొచ్చే కర్రను అలంకరణకు వాడినారు," అన్నారు వైదేహీ మేడమ్. "ఇది ఉత్తర్వుకు పూర్తిగా విరుద్ధం. ఈ సాయంకాలంలోగా సదరు వస్తువును దాని సమస్త అనుబంధాలతో సహా ప్రాంగణం నుంచి తొలగించి, ఎక్కడిదో అక్కడ చేర్చవలసింది. లేనిపక్షంలో బాధ్యులెవరో నేను రాయవలసి ఉంటుంది."

బాధ్యులు అన్న మాట వినపడగానే కామేశానికి కీళ్ళవాతం పోయింది. మనుషుల్ని పిలిచాడు, ట్రాక్టరు పిలిచాడు, అనుబంధమనేది ఒక్కటి కూడా మిగలకూడదని దోనెలోకి దొరికిందల్లా ఎక్కించాడు. ఇనప స్టాండ్లు, దీపాల తీగ, ఇత్తడి బోర్డు అన్నీ ఎక్కాయి. ఒక కప్ప కూడా వెళ్ళింది.

ట్రాక్టరు గట్టు చేరేసరికి వాన దంచుతోంది. చినగరువు దారి మొదట్లో మోకాలి లోతు నీళ్ళున్నాయి, మధ్యలో ఎంతున్నాయో తెలియదు. దోనె నీళ్ళలోకి దించారు. నాంచారమ్మ ఎక్కి గెడ వేసింది. మెరుగునూనె పూయడం వల్ల అది కాస్త జారుడుగా ఉంది, అంతకు మించి లోటేమీ లేదు. మర్నాడు పాలు గట్టుకి చేరాయి. ఆ వానాకాలం అంతా చేరాయి. ఇనప స్టాండ్లు కోటమ్మ కుడితి గోళేనికి సరిపోయాయి.

మళ్ళీ వేసవి వచ్చింది. దారి తేలింది. దారి తేలిందంటే జీపు కూడా వస్తుంది. ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉందని గట్టుమీద చెప్పుకుంటున్నారు. పాలకేంద్రంలో బల్లకి అప్పుడే ఒక కాలు పోయింది.

"ముంచకే ఈసారి," అంది కోటమ్మ. "ముంచితే ఎత్తుకుపోతారు."

"ముంచకపోతే పగులుద్ది అత్తా."

"అయితే ఏం చేస్తావే?"

నాంచారమ్మ ఒక పూటంతా ఆలోచించి, దోనెని ఎప్పటిలాగే ముంచింది. అటకమీంచి ఇత్తడి బోర్డు దించి, చింతపండు పెట్టి తోమి, తీసుకెళ్ళి మడుగు ఒడ్డున పాతింది.

జీపు రానే వచ్చింది. సర్వోత్తమరావుగారూ తేజసూ దిగి మడుగువైపు నడిచారు. బోర్డు దగ్గర ఆగిపోయారు. "శూన్యం. వ్యర్థ దారువు. ముట్టరాదు." నీళ్ళకేసి చూశారు. బోర్డుకేసి చూశారు. మళ్ళీ నీళ్ళకేసి చూశారు. ఆకాశం తప్ప అందులో ఏమీ కనపడలేదు.

"సార్," అన్నాడు తేజస్, గొంతు తగ్గించి. "కిందటేడు మనం కర్ర దగ్గరే ఆగిపోయాం. ఇది చూడండి. అసలు కర్రే లేదు."

సర్వోత్తమరావుగారు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. "కర్ర లేని దారుశిల్పం," అన్నారు చివరికి. "ఇది ఎవరూ ముట్టకుండా చూడవలెను. పైకి నేను రాస్తాను." మడుగు చుట్టూ తాడు కట్టించారు. కాపలా బాధ్యత ఎవరిదని అటూ ఇటూ చూస్తే, అక్కడ ఏసోబు తాత కూర్చుని ఉన్నాడు. ఆయనకి రెండో శాలువా కప్పి ఫోటో తీశారు.

జీపు గట్టెక్కి వెళ్ళిపోయాక కోటమ్మ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మడుగులోకి తొంగి చూసింది.

"ఇప్పుడు రెండు కళ్ళూ బానే ఉన్నాయి కదే నాకు. అంతసేపు నిలబడ్డారు, వాళ్ళకక్కడ ఏం కనపడిందే?"

"ఏం కనపళ్ళేదత్తా," అంది నాంచారమ్మ. "అందుకే నచ్చింది."

తాడు కింద నుంచి వంగి వెళ్ళి, నీళ్ళలో చెయ్యి పెట్టి దోనె అంచు తడిమి చూసింది. చల్లగా ఉంది. లేచి, చెయ్యి చీరకి తుడుచుకుని, పాలు పితకడానికి వెళ్ళిపోయింది.